ఇంట్లోనే ఉన్నావుగా!

డెంగ్యూ వచ్చిన ఆరో రోజు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, మంచం దిగొద్దన్నారు డాక్టరు. ఆ మధ్యాహ్నం మా విభాగాధిపతి ఫోను చేశారు. మొదట ఒంట్లో ఎలా ఉందనే అడిగారు, మంచి మనిషే. తర్వాత, "ఇంట్లోనే ఉన్నావుగా అమ్మా, ఆన్‌లైన్లో ఒక్క గంట చెప్పెయ్యి, సిలబస్ వెనకబడింది" అన్నారు. ఫోను పెట్టేలోగా మా అత్తగారు గుడికి బయలుదేరుతూ, "ఇంట్లోనే ఉన్నావుగా, మూడు కూతలయ్యాక కుక్కరు కట్టెయ్యి" అన్నారు.

కుక్కరు కట్టేశాను. క్లాసూ చెప్పాను, కెమెరా ఆపుకుని, గోడకి దిండు ఆనించుకుని. ఆ రోజు పాఠం షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన 'ద యెల్లో వాల్‌పేపర్'. విశ్రాంతి పేరుతో డాక్టరు భర్త భార్యను గదిలో పెట్టి రాయనివ్వకపోవడం కథ. గిల్మన్ స్వయంగా అలాంటి వైద్యానికి లోనైన మనిషి. ఆమె చేతిలోంచి కలం లాక్కుని అది వైద్యమన్నారు. నా చేతిలో లాప్‌టాప్ పెట్టి ఇది వెసులుబాటంటున్నారు. ఒళ్ళు ఏమంటోందో ఆమెనూ అడగలేదు, నన్నూ అడగలేదు.

కుదరదని చెప్పొచ్చు కదా అంటారా? నేను గెస్ట్ ఫ్యాకల్టీని. లెక్చరుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చని 2019లో యూజీసీ చెప్పింది. నా చేతికొచ్చేది అందులో సగం కూడా కాదు, ఆ సంగతి ఇంకో వ్యాసం. చెప్పిన గంటకే డబ్బు, జ్వరమొచ్చిన గంటకి లేదు. డాక్టరేట్ ఉన్నా అంతే!

ఇంటి నుంచి పని వద్దని కాదు నేననేది. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళు, వికలాంగులైన స్నేహితురాళ్ళు ఏళ్ళ తరబడి అడిగినా సాధ్యం కాదన్నది 2020 లాక్‌డౌన్‌లో రోజుల్లో సాధ్యమైంది. కావాలని అడిగేవాళ్ళకి అది హక్కుగా ఉండాలి. కానీ 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు కూడా 26 వారాల సెలవిచ్చి, ఆ తర్వాత ఇద్దరి అంగీకారంతో ఇంటి నుంచి పనిచేయవచ్చన్నారు. సెలవు తర్వాత అన్నారు, సెలవుకు బదులు అనలేదు. మన కాలేజీలు ఆ 'తర్వాత'ని చడీచప్పుడు లేకుండా 'బదులు' చేసేశాయి.

అయినా ఆడవాళ్ళకి ఇల్లు విశ్రాంతి స్థలం ఎప్పుడైంది గనక? కంటినిండా నిద్ర కోసం అలమటించిన ఇల్లాలిని అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం'లో చూపించారు. ఇప్పుడు ఆ ఇంట్లోకి ఆఫీసు కూడా వచ్చింది, మంచం మీదికే వచ్చింది. మనం అడగాల్సింది గంటల లెక్కన పనిచేసేవాళ్ళకి జీతంతో కూడిన జబ్బు సెలవు. ఆ రోజుల్లో ఎవరూ లింకు పంపకూడదు, "ఓపికుంటేనే" అనే ముక్తాయింపుతో కూడా.

ఇంత రాస్తున్నాను గానీ, నా జ్వరం తగ్గుతుండగా మా ఇంట్లో పనిచేసే ఆమెకి జ్వరమొచ్చింది. ఆమె అంట్లు ఆన్‌లైన్లో తోమలేదు కదా. "రేపైనా వస్తావా?" అని నేనే రెండుసార్లు ఫోను చేశాను. నెలాఖరున అత్తగారు నాలుగు రోజుల జీతం పట్టుకుంటుంటే, వ్యాసం దిద్దుకుంటూ తలెత్తలేదు. మర్నాడు ఆ డబ్బు తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంటూ, "మీకు పూర్తిగా తగ్గిందామ్మా?" అని అడిగింది.