ఒకే బల్ల, ఒకే ఫోటో

కిందటేడు సెప్టెంబరులో మ్యూనిక్‌లో ఉన్న మా పెద్దాడి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్టోబర్‌ఫెస్ట్ చూసొచ్చాం. పేరుకి అక్టోబరే గానీ మొదలయ్యేది సెప్టెంబరులోనే. అక్కడ నేనూ మా ఆయనా కూర్చున్న ఫోటో కోడలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. మా ఆయనకి వచ్చిన మెసేజీ: "బావా, ఎన్ని లీటర్లు లాగించావు?" నాకు వచ్చింది మా వదినగారి ఫోను. "మెడలో పుస్తెలు పెట్టుకుని బీరు కొట్లో కూర్చుంటావా, బుద్ధుందా?" అని. ఒకే బల్ల, ఒకే ఫోటో.

ఆవిడ పెద్దావిడ, ఫోన్లో ఏమీ అనలేదు. ఇక్కడ అంటాను.

వదినగారూ, అది కొట్టు కాదు, జాతర. 1810లో అక్కడి యువరాజు లుడ్విగ్ పెళ్ళికి ఊరి బయట మైదానంలో గుర్రప్పందాలు పెట్టారు. పెళ్ళికూతురు తెరేసా పేరే ఆ మైదానానికి పెట్టారు. ఇప్పుడక్కడ రంగులరాట్నాలు, పంచదార పాకం పట్టిన బాదంపప్పులు, మన విజయనగరం పైడితల్లమ్మ పండక్కి వచ్చినట్టు జనం. డేరాల్లో కూర్చుంటేనే బీరిస్తారు. లీటరు మగ్గు పద్నాలుగు, పదిహేను యూరోలు. ఆడవాళ్ళు పదేసి మగ్గులు రెండు చేతుల్తో మోసుకొస్తుంటే నా నడుం నొప్పెట్టింది. నేను తాగింది యాపిల్ రసంలో సోడా. తిన్నది సగం కాల్చిన కోడి, పళ్ళెమంత ఉప్పు రొట్టె. మసాలా లేదు, మా ఆయన ఆవకాయ తలుచుకుంటూనే ఉన్నారు. మా పక్క బల్ల మీద ఒక మామ్మగారు, ఆవిడ కూతురు, మనవరాలు. ఆరేళ్ళలోపు పిల్లల్ని రాత్రి ఎనిమిదికి డేరాల్లోంచి పంపించేస్తారు.

అదేదో స్వర్గమని అనను. డేరాల వెనక గడ్డి గట్టు మీద తాగి పడిపోయినవాళ్ళనీ చూశాను. ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ళు అక్కడా ఉన్నారు. అందుకే 2003 నుంచి అమ్మాయిలకీ ఆడవాళ్ళకీ విడిగా ఒక సహాయ కేంద్రం నడుపుతున్నారు. భయమేసినా, తోడొచ్చినవాళ్ళు తప్పిపోయినా వెళ్ళి కూర్చోవచ్చు. "నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?" అని అడగరు.

మరి మన విశాఖలో? మా సందు మొదట్లో వైన్ షాపుంది. సాయంత్రం ఆరు దాటితే కొన్నవాళ్ళు అక్కడే, చెప్పుల కొట్టు అరుగు మీదే తాగుతారు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు చుట్టూ తిరిగి వెనక సందులోంచి వస్తారు. అటు వీధి దీపం లేదు. మా పనమ్మాయి జీతం రోజు నేరుగా ఇంటికెళ్ళదు, డబ్బు నా దగ్గరే దాచమంటుంది. ఇదంతా ఎవరికీ సిగ్గుగా లేదు. నా ఫోటో సిగ్గయింది!

మా ఆయన స్టీల్‌ప్లాంట్ స్నేహితులు ఇంకో మాటంటారు. "జర్మనీలో తాగట్లేదా చెల్లెమ్మా? మనకే ఎందుకీ గోల?" అని. తాగుతారన్నయ్యా, పక్కన పెళ్ళాన్నీ తల్లినీ కూర్చోబెట్టుకుని, వెలుతురులో. మీరెప్పుడైనా మా వదినల్ని ఆ అరుగు మీద కూర్చోబెట్టారా? ఆ జాతర ఏటా రెండు వారాల ముచ్చట. మా సందులో ఏడాది పొడుగునా ఇదే.

ఇది ఆడవాళ్ళకి అక్కర్లేని విషయమనేవాళ్ళు దూబగుంట మర్చిపోయారు. 1992లో నెల్లూరు జిల్లాలో ఆ ఊరి ఆడవాళ్ళు లేచి సారా కొట్టు మూయిస్తే, ఆ గాలి రాష్ట్రమంతా వీచి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వచ్చింది. 1997లో సడలించేశారు, అది వేరే ఏడుపు. మొత్తం మూయించమని నేనడగట్లేదు. ఆ అరుగు ఖాళీ చేయించండి, వెనక సందులో దీపం వెయ్యండి. అంతే.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడానికి మా సందువాళ్ళం ఏడుగురం వెళ్తున్నాం. దగ్గర్లో ఉన్నవాళ్ళు పదింటికల్లా రండి, ఆధార్ జిరాక్స్ తెచ్చుకోండి. ఫోటో కూడా తీయించుకుంటాం, ఫ్యామిలీ గ్రూపులో పెట్టడానికి.