అభ్యంతరం చెప్పని సంఘం

పెళ్లికి ముందు మన గుళ్లలో మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానావారి అబ్బాయికీ ఫలానావారి అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే తెలియజేయమని అయ్యగారు అడుగుతారు. ఎవరూ లేవరు. ఆ అబ్బాయికి ఎంత ముడుతోందో ముందు బెంచీలోని సంఘపెద్దలకు తెలుసు. స్త్రీల సమాజంలో అందరికీ తెలుసు. పిల్ల తండ్రి ఏ చెలక అమ్మాడో, ఏ చీటీ నష్టానికి పాడుకున్నాడో కూడా తెలుసు. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమని 1961 నాటి చట్టం చెబుతోంది. అయినా మూడు వారాలూ మనం నోరు మెదపం. సంఘమంతటినీ నిలబెట్టి అభ్యంతరం ఉందా అని అడిగే సందర్భం ఇది. అందులోనూ తప్పిపోయాం.

బేరం ప్రార్థనతోనే మొదలవుతుంది. "మాకేం అక్కర్లేదు అన్నయ్యగారూ, దేవుడు మాకు అన్నీ ఇచ్చాడు. మీ పిల్లకి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటుంది అబ్బాయి తల్లి. కాసేపటికి మధ్యవర్తి, పెద్దబ్బాయి పెళ్లికి ఎంత వచ్చిందో మాటల్లో మాటగా చెబుతాడు. పిల్ల తండ్రి కండువాతో ముఖం తుడుచుకుంటాడు. ఆడపడుచు లాంఛనాల దగ్గర మళ్లీ పీటముడి. అంకె కుదిరాక అయ్యగారిని ముగింపు ప్రార్థన చేయమంటారు. ఆయన చేస్తాడు, మనం ఆమెన్ అంటాం. ఆర్నెల్లకి అదే అబ్బాయి సాక్ష్యంలో లేచి, దేవుడు కారు దయచేశాడని చెబితే చప్పట్లు కొట్టాం. ఆ కారు ఎవరు కొన్నారో తెలిసే కొట్టాం. దేవుడి పేరు మీద అంత అబద్ధం చెల్లించుకున్నాం.

లోకంలో ఉన్నదే మనలోనూ ఉందని సర్దిచెప్పుకుంటాం. మన తాతముత్తాతలు అలా సర్దిచెప్పుకోలేదు. ధాత కరువు రోజుల్లో ఒంగోలు మిషనరీ క్లౌ దొర, తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపిన బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాక 1878 జూలై 3న, ఒక్కరోజే, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది దిగారు. ఎక్కువమంది మాదిగలు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్నవి వాళ్లకు పెట్టిన షరతులు. ఆకలి బతుకుల్లో ఆ మాంసం వదలడమంటే ఏమిటో ఆలోచించండి. ఆదివారం పనికి రామంటే ఆసామి ఊరుకోడు. జాతరకి డప్పు కొట్టం అంటే ఊరు ఊరుకోదు. అన్నిటికీ తెగించారు.

కట్నం ఊసు ఆ షరతుల్లో లేదు. అప్పట్లో ఆ ఇళ్లలో పిల్లవాడివైపు వాళ్లే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్లు. చదువులొచ్చి, ఉద్యోగాలొచ్చి, నలుగురిలో పెద్దరికం కావాల్సి వచ్చాక మనం కట్నాలకి ఎగబడ్డాం. బైబిలు మన చేతికొచ్చాక నేర్చుకున్న పాపమిది. రాహేలు కోసం యాకోబు ఏడేళ్లు, ఆ తర్వాత మరో ఏడేళ్లు మామ ఇంట చాకిరీ చేశాడని ఆదికాండంలో చదువుకున్నవాళ్లం.

ప్రతి పెళ్లిలోనూ ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం చదువుతాం. అందులో పౌలు భార్యలకు చెప్పింది మూడు వచనాలు, భర్తలకు చెప్పింది అంతకు రెట్టింపు పైనే. క్రీస్తు సంఘం కోసం తన్ను అప్పగించుకున్నట్టు మగవాడు భార్య కోసం అప్పగించుకోవాలన్నాడు. మనం మొదటి మూడూ పట్టుకుని ప్రసంగాలు చేశాం. పెట్టిన బంగారం చాలలేదని దెబ్బలు తిన్న పిల్ల, చెంప వాచి, చంటిబిడ్డను చంకనేసుకుని పాస్టరుగారింటికి వస్తే ఏం చేశాం? కాఫీ ఇచ్చి, ఓర్చుకో తల్లీ, ప్రార్థన చేసుకో అని ఆ రాత్రే వెనక్కి పంపాం. భర్తను పిలిచి అడగలేదు. అతని మీద ప్రభువు బల్ల దగ్గర ఏ క్రమశిక్షణా లేదు. ప్రేమించి గడప దాటిన ఆడపిల్లను మాత్రం సంఘంలోంచి వెలివేయడానికి మనకు ఒక్క కమిటీ మీటింగు సరిపోయింది.

సండే స్కూల్లో జక్కయ్య కథ చెబుతాం. పొట్టివాడు చెట్టెక్కడం పిల్లలకి సరదా. అతను లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాక గాని ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అనలేదు. ఆ సంగతి మన పెద్దల ఆరాధనలో ఎవరూ ఎత్తరు. పశ్చాత్తాపమంటే మనకి కన్నీళ్లు, పాటలు, ఉపవాస కూటాలు. డబ్బు వెనక్కివ్వడమన్నది మన లెక్కలోకే రాలేదు.

తీసుకున్నవాళ్లం చాలామందిమి ఇంకా బతికే ఉన్నాం. ఇచ్చిన మామగార్లలో కొందరు ఈ నెల కూడా ఆ అప్పుకి వడ్డీ కట్టారు.