చిన్నాయన తోట బంగినపల్లికి 50కి 26 మార్కులే!

ఏప్రిల్ ఆఖరి ఆదివారం నా పరువు పోయింది. అదీ ఎక్కడో కాదు, కర్నూలులో, మా ఇంటి మిద్దె మీదే. పైగా ఒక కడపోడి ఎదురుగా!

కథ మొదలైంది మాత్రం వైన్‌తో. కంగారు పడకండి, తాగింది నేను కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా ఫ్రెండొకడు వైన్ టేస్టింగ్‌కి వెళ్లొచ్చి, వారం రోజులు వాట్సాప్ గ్రూపులో అదే పాట పాడాడు. పినో నువార్ అని ఒక నల్లద్రాక్ష ఉందట. “ఒకటే ద్రాక్షరా. ఫ్రాన్స్‌లోని బర్గండీలో పండితే ఒక రుచి, అమెరికాలో ఆరెగాన్‌లో పండితే ఇంకో రుచి, న్యూజిలాండ్‌లో మరో రుచి. అదే తోటలో కూడా ఒక్కో ఏడాది ఒక్కో రుచి. సీసా మీద ఊరు పేరు, సంవత్సరం రెండూ ఉంటాయి” అని ఒకటే ఊదరగొట్టాడు.

“దానికంత బిల్డప్ ఎందుకు? మా బంగినపల్లి కూడా అంతే” అన్నాను నేను.

“అవునవును. మా కోడూరు బంగినపల్లి తిన్నోడెవడూ మీ బనగానపల్లె కాయ ముట్టడు” అన్నాడు ఇంకో ఫ్రెండ్. వాడిది రైల్వే కోడూరు, ఉమ్మడి కడప జిల్లా. ఇక చూస్కోండి. ఆ రాత్రి గ్రూపులో 200 మెసేజ్‌లు. చివరికి తేలిందేంటంటే, మాటలు వద్దు, కళ్లకు కనపడకుండా రుచి చూసి మార్కులేద్దాం అని.

పోటీ చెప్పే ముందు ఒక్క విషయం. బంగినపల్లికీ పినో నువార్‌కీ నిజంగానే ఒక పోలిక ఉంది. మామిడి టెంక నాటితే తల్లి చెట్టులాంటి కాయే వస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే అంటు కడతారు. పినో నువార్ తీగను కూడా విత్తనంతో కాదు, కొమ్మ కత్తిరించి పెంచుతారు. అంటే కర్నూలులో ఉన్నా, కోడూరులో ఉన్నా, నూజివీడులో ఉన్నా బంగినపల్లి చెట్లన్నీ ఒకే చెట్టుకు జిరాక్స్ కాపీల్లాంటివి. మరి రుచి మారిందంటే మారింది చెట్టు కాదు. నేల, నీరు, వాతావరణం, మనిషి చెయ్యి. వీటిలో ఏదో ఒకటి.

నేల సంగతికొస్తే నా ధీమా నాది. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం, ఆ తర్వాత కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అక్కడి రాతి పొరకు భూగర్భ శాస్త్రంలో ఆ ఊరి పేరే ఉంది. ఒకప్పుడు వజ్రాలు తవ్వింది ఆ పొరలోనే. 2017లో బంగినపల్లికి జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు అసలు పుట్టిల్లుగా రాసింది బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలనే. ఇంకేం కావాలి? అయితే అదే జీఐలో రాయలసీమ మొత్తం, కోస్తా, తెలంగాణలో కొన్ని జిల్లాలు కూడా ఉన్నాయి. అంటే కోడూరు కాయా బంగినపల్లే, నూజివీడు కాయా బంగినపల్లే. ట్యాగ్ పేరు ఇస్తుంది కానీ ర్యాంకు ఇవ్వదు. ఈ ముక్క నాకు తర్వాత అర్థమైంది.

సరే, పోటీ. నాలుగు రకాలు పెట్టాం. బనగానపల్లె దగ్గర మా చిన్నాయన తోట కాయ. కోడూరోడు తెచ్చిన కాయ. నూజివీడు నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించిన కాయ. మా వీధి చివర బండి మీద ‘బంగినపల్లి’ అని అమ్మే కాయ. కోసి ముక్కలు చేసి, నంబర్లు వేసిన గిన్నెల్లో పెట్టింది మా చెల్లెలు. ఏ నంబరు ఎవరిదో దానికొక్కదానికే తెలుసు. తొక్క తీసేసింది కాబట్టి రంగు చూసి మోసపోయే పని లేదు. వైన్ వాళ్లు మధ్యలో బ్రెడ్డు ముక్క తింటారట, మేము గుప్పెడు బొరుగులు తిని నీళ్లు తాగాం. మార్కులేసింది ఐదుగురం. నేను, ఇద్దరు ఫ్రెండ్స్, అమ్మ, జేజి. వాసన, తీపి, పులుపు, పీచు, మింగాక నోట్లో మిగిలే రుచి, అన్నీ కలిపి తలా పదికి.

చెల్లెలు రిజల్ట్ చదివింది. కోడూరు 41. నూజివీడు 38. బండి మీద కాయ 29. చిన్నాయన తోట 26.

జేజి నాలుగో గిన్నె గురించి చెప్పిన మాట ఇంకా చెవుల్లో ఉంది. “ఇది పండు గాదు నాయనా. పచ్చికాయకు పసుపు పూసినట్టుండాది.” అది సొంత కొడుకు తోటదని ఆమెకు తెలీదు పాపం. కోడూరోడు ఏమీ అనలేదు. నవ్వాడంతే. అనుంటే బాగుండేది!

చిన్నాయనకు ఫోన్ చేశాను. కోపమొస్తుందనుకున్నా. ఆయన తాపీగా అడిగాడు. “నువ్వు ఏ కాయ తీస్కపోతివి? గుత్తాయన కోయించిన గంపలోదా?”

“అవును చిన్నాయనా.”

“అది ఏప్రిల్ రెండో వారంలో కోసింది. ఇంకా మూడు నాలుగు వారాలు చెట్టు మీద ఉండాల్సిన కాయ. దానికేం రుచి వస్తాదిరా?”

సిటీలో పెరిగినవాళ్లకు గుత్త అంటే తెలియకపోవచ్చు. చెట్టు పూత మీదో పిందె మీదో ఉండగానే వ్యాపారి తోట మొత్తానికి ఒక రేటు మాట్లాడి డబ్బులిచ్చేస్తాడు. ఇక ఆ ఏడు కాపు ఆయనది, ఎప్పుడు కోయాలో ఆయనిష్టం. సీజన్ మొదట్లో కాయకు రేటు ఎక్కువ. మే నెలలో మార్కెట్ నిండిపోయాక పడిపోతుంది. కాబట్టి ఆయన తొందరపడతాడు. మరి గుత్తకివ్వడం ఎందుకు అని అడిగా.

“ఒక్క రాత్రి గాలి కొడితే సగం కాయ నేల మీదుంటాది. డబ్బు ముందే తీసుకుంటే ఆ భయం నాది గాదు, ఆయనది. నాకు నిద్ర పడతాది” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రుచి లెక్క మాత్రం సింపుల్. పచ్చికాయలో ఉండేది పిండి పదార్థం. కాయ మాగేటప్పుడు అదే చక్కెర అవుతుంది. ముందే కోసేస్తే లోపల పిండి నిండి ఉండదు, ఇక చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది? రంగు వస్తుంది, రుచి రాదు. కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషేధం, ఇథిలీన్ గ్యాస్‌ని 100 పీపీఎం వరకు వాడొచ్చు. ఇథిలీన్ తప్పేం కాదు, పండు తనంతట తాను విడుదల చేసేదీ అదే. కానీ ఏ గ్యాసూ లేని తీపిని తెచ్చి పెట్టలేదు.

“అయితే మంచి కాయ నీకూ లేదా?” అన్నాను. చిన్నాయన నవ్వాడు. “ఇంటికని రెండు చెట్లు గుత్తలో కలపకుండా వదిలిపెడతా గదా. నెలాఖరుకు రా” అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, కోడూరోడు తెచ్చింది కూడా వాళ్లింటి చెట్టు కాయే. నేను మాత్రం గుత్త గంపలో చెయ్యి పెట్టాను. పోటీ కోడూరుకీ బనగానపల్లెకీ జరగనే లేదు. ఆగిన కాయకీ ఆగని కాయకీ జరిగింది.

మే ఆఖరి ఆదివారం రెండో రౌండ్. అదే మిద్దె, అదే ఐదుగురం, అవే బొరుగులు. బండి కాయను పక్కన పెట్టి ఈసారి మూడే గిన్నెలు. చిన్నాయన తోట 43. కోడూరు 42. నూజివీడు 39. అదే తోట, అదే ఏడాది, నెలన్నర తేడాతో కోసిన కాయ. 26 కాస్తా 43 అయింది!

గెలిచామని అరిచాను కానీ, నిజం చెప్పాలంటే ఒక్క మార్కు తేడా గెలుపు కాదు. రుచి తేడా మాత్రం ముగ్గురికీ స్పష్టంగా తెలిసింది. కోడూరు పండుకు వాసన ఎక్కువ, ముక్క నోటి దగ్గరికి రాకముందే తెలిసిపోతుంది. నూజివీడుది రసం ఎక్కువ. చిన్నాయనది గట్టి కండ, తీపి వెనక సన్నటి పులుపు, అది కాసేపు నోట్లో ఉండిపోతుంది. ఏది గొప్ప అంటే చెప్పలేం. ఎవరి నాలుక వాళ్లది.

బెంగళూరోడు అప్పుడు ఒక కథ చెప్పాడు. 1979లో పారిస్‌లో జరిగిన వైన్ పోటీలో ఆరెగాన్ నుంచి డేవిడ్ లెట్ అనే ఆయన చేసిన 1975 పినో నువార్ బర్గండీ వైన్ల మధ్య మంచి స్థానం కొట్టేసింది. బర్గండీ వ్యాపారి రోబేర్ ద్రువాన్‌కు నమ్మకం కుదరక, 1980లో సొంతూరు బోన్‌లో మళ్లీ పోటీ పెట్టాడు. ఈసారి ద్రువాన్ వాళ్ల 1959 వైన్ ఫస్ట్, లెట్ వైన్ సెకండ్, తేడా రవ్వంత. ద్రువాన్ ఏం చేశాడో తెలుసా? 1987లో వెళ్లి ఆరెగాన్‌లోనే భూమి కొన్నాడు. ఓడించబోయినవాడి ఊళ్లోనే తోట పెట్టాడన్నమాట. (కోడూరోడు వెంటనే నా వైపు చూసి, “మా ఊళ్లో రెండెకరాలు చూడమంటావా?” అన్నాడు.)

ఆ కథలో నాకు పట్టుకున్నది వేరే. 1959 వైన్‌ని 1980లో తాగి పోల్చారు. మామిడిపండుకు ఆ వీలు లేదు. పోయినేడు పండును ఈ ఏడు పండు పక్కన పెట్టి ఎవరూ రుచి చూడలేరు. పూత మీద మబ్బు పట్టి తేనెమంచు పురుగు కొట్టిన ఏడు, కోత ముందు వాన పడి పండు నీళ్లగా అయిన ఏడు, అన్నీ రైతు నోట్లోనే ఉంటాయి. అందుకే చిన్నాయనను అడిగా, నీ తోటలో బెస్ట్ ఏడాది ఏదని.

ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. “2020.”

లాక్‌డౌన్ ఏడు. గుత్త మాట్లాడుకున్న వ్యాపారి రాలేదు. కూలీలు లేరు, లారీలు లేవు. కాయ మే చివరిదాకా చెట్టు మీదే ఉండిపోయింది. గాలి కూడా ఆ ఏడు కనికరించింది. “అట్లాంటి పండు నా జన్మలో తినలే. ఊరందరికీ పంచితిమి. తిన్నోళ్లంతా అమృతమనిరి. నేనేమో మీ పిన్నమ్మ గాజులు కుదవ పెడితి.”

ఆయన తోట బెస్ట్ వింటేజ్, ఆయన జీవితంలో నష్టపోయిన ఏడాది, రెండూ ఒకటే. అప్పటిదాకా మిద్దె మీద సరదాగా ఉన్న ఆట ఆ మాటతో ఆగిపోయింది.

ఇందులో మన వాటా కూడా ఉంది. మార్చిలోనే ఫస్ట్ మామిడిపండు తిన్నానని రీల్ పెట్టాలి మనకు. యాప్‌లో నొక్కితే పది నిమిషాల్లో రావాలి. తొందరకు మనం డబ్బులిస్తున్నాం కాబట్టే వ్యాపారి తొందరపడుతున్నాడు. వైన్ సీసా మీద ఊరూ ఏడాదీ రాసి ఉంటాయి, మన పండు మీద స్టిక్కర్ ఒక్కటే. కోసిన తేదీ, తోట ఉన్న ఊరు, ఈ రెండూ రాస్తే చాలు. ఆగిన రైతుకు ఆగినందుకు రేటు అడిగే వీలుంటుంది.

అప్పటిదాకా మనమే అడుగుదాం. ఎప్పుడు కోశారు? ఏ ఊరు? పచ్చికాయ కొంటే బకెట్ నీళ్లలో వేయండి. ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. పండైతే తొడిమ దగ్గర వాసన చూడండి. రంగును నమ్మకండి. అన్నిటికన్నా ముందు, మే వచ్చేదాకా ఓపిక పట్టండి.

మేము ఐదు కుటుంబాలం కలిసి చిన్నాయనతో ఒక మాట అనుకున్నాం. వచ్చే సీజన్‌లో కాయ ముదిరాక, ఆయన చెప్పిన తేదీకి, ముందే అనుకున్న రేటుకి మేమే తీసుకుంటాం. గాలి కొట్టి రాలిపోతే సగం నష్టం మాది. అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం.

విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “సరే, ఈసారి రెండు గాదు, ఆరు చెట్లు వదిలిపెడతాలే.”

తోట మొత్తం కాదు. ఆరు చెట్లే. అక్కడి నుంచి మొదలు.