కువైత్ యిండ్లు, మన యిండ్లు

ఇస్నాపూరు కూడలియొద్ద తెల్లవారుజామున నిలిచి చూచినవారికి రెండు ప్రవాహములు కానవచ్చును. పాశమైలారము కర్మాగారములకు పోవు బీహారు, ఒడిశా కూలీలది ఒకటి. కాలనీల యిండ్లలో అంట్లు తోమి, నేల తుడుచుటకై ఆటోలలో పోవు స్త్రీలది మరియొకటి. కంటికి కానరాని మూడవ ప్రవాహ మొకటి కలదు. అప్పులపాలైన కుటుంబమునుండి ఒక స్త్రీ లేచి, ఏజంటు మాట నమ్మి, కువైత్, ఒమాను, సౌదీ అరేబియాల యిండ్లలో పనికై విమాన మెక్కుచున్నది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాలలో ఇది దశాబ్దములుగా సాగుచున్నది. మన మెతుకుసీమయు దీనికి వెలి కాదు.

గత మాసమున అట్టి స్త్రీ యొకతె మా కార్యాలయమునకు వచ్చినది. భర్త కర్మాగారమున గుత్తేదారు క్రింద దినకూలి. ఏజంటు ఆమెను పని వీసామీద గాక విజిట్ వీసామీద దుబాయికి పంపి, అచటినుండి ఒమానునకు చేర్చినాడు. ఒక యింటి పని యన్నది మూడిండ్ల పనియైనది: యజమానిది, అతని సోదరునిది, అతని కుమార్తెది. పాస్‌పోర్టు తొలినాడే యజమాని పెట్టెలోనికి పోయినది. పదునాలుగు నెలల పిమ్మట, నాలుగు నెలల జీతము పోగొట్టుకొని, ఆమె యిల్లు చేరినది. మమ్ము పరిహారమును గూర్చి అడుగలేదు. "సారూ, నేను ఏలిముద్ర ఏసిన కాయితంల ఏమున్నదో అదొక్కటి జెప్పుండ్రి" అని మాత్ర మడిగినది. ఆ కాగితము అరబ్బీలోను, ఇంగ్లీషులోను ఉన్నది. అందలి జీతము ఏజంటు నోట చెప్పినదానిలో సగము.

ఇట్టి కాగితము మన జాతికి క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి మారిషసు చెరకుతోటలకు తెలుగు కూలీలను తరలించిన నాటినుండియు మన మెరిగినదే. ఉత్తరాది కూలీలు దానికి 'గిర్మిట్' అని పేరిడిరి. 1912వ సంవత్సరమున గోఖలే మహాశయుడు ఆ పద్ధతిని రద్దు చేయవలెనని శాసనసభలో తీర్మానము తెచ్చి ఓడిపోయెను. 1916లో మాలవీయ పండితుడు మరల తెచ్చెను. 1917లో ఆ పద్ధతిపై కూలీలను పంపుట నిలిచినది. నాటి కూలీ తోటలో పదిమంది తనవారి నడుమ నుండెను. నేటి యింటిపని స్త్రీ నాలుగు గోడల నడుమ ఒంటరి. ఆమె యేడ్పు వినువారు లేరు.

చట్టములు లేవా యని పాఠకు లడుగవచ్చును. కలవు. కువైత్ తన 2010వ సంవత్సరపు కార్మిక చట్టమున ఇంటిపనివారిని వెలివేసినది. 2015లో వారికై 68వ నంబరు చట్టమును చేసినది. దినమునకు పండ్రెండు గంటలకు మించి పని గూడదనియు, వారమున కొకనాడు సెలవనియు, ఏడాదికి ముప్పది దినములు జీతముతో కూడిన సెలవనియు, పని ముగిసినపుడు ఏడాదికొక నెల చొప్పున సొమ్ము చెల్లింపవలెననియు అందు వ్రాసినారు. అక్షరములు చక్కనివే. కాని ఆ యింటి తలుపు తట్టి చూచు ఇన్స్పెక్టరు ఎక్కడ? పైగా కఫీల్, అనగా పూచీదారుడైన యజమాని, అనుమతి లేక గడప దాటిన స్త్రీ 'పారిపోయినది'గా నమోదగును. జీతము రాలేదని మొరపెట్టుకొన బోయినదే నేరస్థురాలగును! 2018లో కువైత్ క్షమాభిక్ష ప్రకటించినపుడు, అకామా లేక దాగియున్న భారతీయులు వేలకొలది వెలుపలికి వచ్చిరన్న నిజమే ఈ పద్ధతికి సాక్ష్యము.

మన ప్రభుత్వ మేమి చేసినది? 1983లో వలసల చట్టము చేసినది. పెద్దగా చదువుకొనని స్త్రీ ముప్పదియేండ్లు నిండనిదే ఇట్టి దేశములకు పోరాదని నియమము పెట్టినది. 2016లో అట్టి స్త్రీలను ప్రభుత్వ సంస్థలద్వారానే పంపవలెనని ఆజ్ఞాపించినది. తెలంగాణమున టామ్‌కామ్, ఆంధ్రమున ఓంక్యాప్ అను సంస్థలు కలవు. ఉద్దేశము మంచిదే. కాని వీథివాకిలి మూసినవారు, ఆ సంస్థను ఊరివాకిట నిలుపలేదు. అందుచే దొడ్డివాకిలి తెరచుకొన్నది. విజిట్ వీసా ఆ దొడ్డివాకిలి. ఏజంటు ప్రతి వాడలోను ఉన్నాడు. ప్రభుత్వ సంస్థ పేరు ఆ వాడకు తెలియదు.

పరులను తప్పుపట్టితిమి, ప్రభుత్వమును తప్పుపట్టితిమి. ఇక మన మాట. 2025 జూన్ 30న పాశమైలారమున ఔషధ కర్మాగారము పేలి నలుబదిమందికి పైగా మరణించినపుడు, పొట్ట చేతబట్టుకొని మన గడ్డకు వచ్చినవాని ప్రాణ మెంత చౌకయో కన్నులార చూచితిమి. మన వంటయింటిలోని స్త్రీ సంగతి అంతకంటె మెరుగా? 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి హక్కులకై 189వ ఒడంబడికను ఆమోదించినది. మన దేశము అనుకూలముగా వోటు వేసినది, నేటివరకు ధ్రువపరుపలేదు. ఇంటిపనివారికై ప్రత్యేకముగా దేశమంతటికి వర్తించు చట్టము లేదు. దానిని ఆలోచించుటకు ఒక సంఘము నేర్పరుపుమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రమునకు చెప్పవలసి వచ్చినది. కువైత్ కాగితముమీదనైన వ్రాసినదానిని మన పార్లమెంటు కాగితముమీదను వ్రాయలేదు. ఏ మోముతో కువైత్‌ను నిలదీయుదుము?

"మా యింట పనిమనిషిని బిడ్డవలె చూచుకొందుము" అని పెద్దమనుషు లందురు. కువైత్ యజమానియు ఇదే మాట యనును. బిడ్డ జ్వరపడిననాడు ఎవరైన జీతము కోయుదురా? బిడ్డకు వేరు గ్లాసు పెట్టుదురా? దయ యజమాని యిష్టముపై నుండును. హక్కు అట్లు గాదు. మన స్త్రీకి కావలసినది హక్కు.

వలసను మానుమని మేము చెప్పుటలేదు. ఆ డబ్బుతో బిడ్డలు చదువుచున్నారు, అప్పులు తీరుచున్నవి. పోవు స్త్రీ కన్నులు తెరచి పోవలెనని మా కోరిక. ఒప్పందము తెలుగున వ్రాసి, ఇద్దరు సాక్షుల యెదుట చదివి వినిపించి, ఒక ప్రతిని ఇంటివారి కీయవలెను. టామ్‌కామ్ బల్ల యొకటి ప్రతి మండల కార్యాలయమున నుండవలెను. ఆపదలోని ప్రవాసులకై 2009లో నెలకొల్పిన సంక్షేమ నిధి గూర్చి పోవు ప్రతి స్త్రీకి ముందే చెప్పవలెను. 189వ ఒడంబడికను ధ్రువపరుపవలెను.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. మనము చేయవలసినదానికి ఎవరి యాజ్ఞయు నక్కరలేదు. మేమును, మా తోటి వకీళ్ళిద్దరును ఇకమీదట ప్రతి ఆదివారము సాయంకాలము ఇస్నాపూరు పఠనాలయమున కూర్చుండి, విదేశమునకు పోవువారి కాగితములను తెలుగున చదివి చెప్పుదుము, రుసుము లేదు. ఇక పాఠకుడు ఈ పత్రికను మడచి యిల్లు చేరగనే, తన యింట పనిచేయు స్త్రీకి వారమున కొకనాడు జీతము కోయని సెలవు ప్రకటింపవలెను. ఆ పని చేసిన పిమ్మట కువైత్‌ను గూర్చి మాటలాడుదము. అప్పుడు మన మాటకు బరువుండును.