నూడుల్సు తినండి, సూపు వదిలేయండి

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మేమిద్దరం వెళ్ళి రెండు నెలలు ఉండి వస్తాం. ఆదివారాలు అందరం కలిసి బజారు తిరిగి, అక్కడి నూడుల్సు తిని రావాలని మనవడి సరదా. మా వారికి 62 ఏళ్ళు. బి.పి., షుగరు రెండూ ఉన్నాయి, బిళ్ళలు వాడుతున్నారు. "మామయ్యగారు ఇంట్లో ఉంటేనే మంచిది" అంది కోడలు. అప్పట్నుంచి ఆయన అసలు ప్రయాణమే వద్దంటున్నారు. ఆయన్ని బయటికి తీసుకువెళ్ళవచ్చునా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: తప్పకుండా తీసుకువెళ్ళండమ్మా. మీ కోడలి భయంలో అర్థం ఉంది. కాని మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం వైద్యం కాదు. రెండూ అదుపులో ఉంటే నడక ఆయనకు మేలే చేస్తుంది. ప్రయాణానికి ముందు బి.పి., షుగరు, మూత్రపిండాలు పరీక్ష చేయించండి. గుండె, మూత్రపిండాల జబ్బులుంటే మీ డాక్టరు గారి మాటే ప్రమాణం.

ముందుగా తిండి సంగతి. 'రామెన్' అంటే వేడి సూపులో వేసిన గోధుమ నూడుల్సు. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఒక టీ చెంచా. రామెన్ ఒక్క గిన్నెలోనే 5, 6 గ్రాముల ఉప్పు ఉండటం మామూలు. అందులో సగానికి పైగా సూపులోనే ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. కనుక నూడుల్సు, కూరముక్కలు తిని సూపు గిన్నెలోనే వదిలేయాలి. మర్యాద తప్పినట్టవుతుందని మొహమాటపడనక్కర్లేదు. జపాను వైద్యులూ తమ రోగులకు ఇదే చెబుతారు.

'సోబా' అనే నూడుల్సును చల్లగా వడ్డించి, సాసు విడిగా చిన్న గిన్నెలో ఇచ్చే పద్ధతి కూడా ఉంది. కొస మాత్రం అద్దుకు తింటే ఉప్పు తగ్గుతుంది. అయితే సోబా బక్‌వీట్ పిండితో చేస్తారు. అది కొందరికి పడదు. తిన్నాక దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: కూరగాయల నూడుల్సు అన్నా ఆ సూపు చేపతోనో, మాంసపు ఎముకలతోనో కాచినదై ఉండవచ్చు. అడిగి తినండి.

ఇక షుగరు. పేరున్న దుకాణాల ముందు చాలాసేపు వరుసలో నిలబడవలసి వస్తుంది. భోజనానికి ముందు వేసుకునే బిళ్ళను ఇంట్లోనే వేసుకుని బయలుదేరితే, తిండి అందేలోగా షుగరు పడిపోవచ్చు. బిళ్ళ ఏ వేళకు వేసుకోవాలో డాక్టరు గారిని ముందే అడిగి ఉంచుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ, అయోమయం కనిపిస్తే వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తగ్గాక భోజనం పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. పంచదార పొట్లం ఆయన జేబులోనే ఉండాలి.

బజారు తిరిగేటప్పుడు అలవాటైన మెత్తని బూట్లు, నూలు మేజోళ్ళు వేసుకోవాలి. కొత్త బూట్లు కొన్నా ఆ పూటే తొడుక్కోకూడదు. షుగరు ఉన్నవారికి పాదం బొబ్బలెక్కినా నొప్పి తెలియకపోవచ్చు. మధ్యమధ్య కూర్చుంటూ తిరగాలి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు మీరే చూడండి. ఆ పూట పెరుగన్నంలో ఊరగాయ వద్దు.

ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, మూతి వంకరపోవడం కనిపిస్తే ఇంటికి రావాలని చూడకండి. జపానులో అంబులెన్సుకు 119 నంబరుకు ఫోను చేయాలి.

ఇక్కడి పాఠకులకూ ఒక మాట. 1958లో జపానులో మొమొఫుకు ఆండో మొదలుపెట్టిన ఇన్‌స్టంట్ నూడుల్సు ఇవాళ మన వంటింట్లోనూ ఉన్నాయి. ఆ ఉప్పులో ఎక్కువ భాగం మసాలా పొట్లంలోనే ఉంటుంది. సగం వేసి, సగం పారేయండి.

అమ్మా, ఈ జవాబు మీ కోడలికి చదివి వినిపించండి. ఆదివారం మామగారిని బయలుదేరమని ఆమె చేతే చెప్పించండి.