111వ ద్వారం ఎవరి కోసం తెరచి ఉన్నది?

ఒక కంప్యూటరు మరొక కంప్యూటరులోని పనిని, అది తనలోనే ఉన్నదన్నట్లు పిలిచి చేయించుకొనడాన్ని రిమోట్ ప్రొసీజర్ కాల్ అంటారు. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ యూనిక్స్ యంత్రాలకు ఈ పద్ధతిని సమకూర్చినప్పుడు ఒక చిక్కు ఎదురైనది. యంత్రానికి గల ద్వారాలు, అనగా పోర్టులు, 65,535కు మించవు. పుట్టుకొచ్చే ప్రతి సేవకూ శాశ్వతంగా ఒక ద్వారాన్ని కేటాయించుకొంటూ పోతే అవి ఎంతకాలం చాలుతాయి? అందుచేత సేవకు స్థిరమైన ప్రోగ్రాము సంఖ్యను మాత్రమే ఇచ్చి, ద్వారాన్ని మాత్రం ఆ వేళకు ఖాళీగా ఉన్నదానినే తీసుకొనేటట్లు ఏర్పరచారు. ఏ సేవ ఏ ద్వారం వద్ద ఉన్నదో నమోదు చేసుకొని, అడిగినవారికి తెలియజేసేది పోర్ట్‌మ్యాపర్. దీనికే తరువాతి కాలంలో ఆర్‌పీసీబైండ్ అనే పేరు వచ్చినది. ఇది మాత్రం ఎల్లప్పుడూ 111వ ద్వారం వద్దనే ఉంటుంది.

ఫైళ్లను పంచే ఎన్.ఎఫ్.ఎస్. సేవ కావలసిన యంత్రం దాని పేరు చెప్పదు. 100003 అనే సంఖ్యనూ, కావలసిన వెర్షనునూ, టీసీపీయో యూడీపీయో అనే వివరాన్నీ చెబుతుంది. బదులుగా ద్వారం సంఖ్య వస్తుంది. ఆ సేవ నమోదై ఉండకపోతే సున్న వస్తుంది. ఆపై జరిగే సంభాషణతో పోర్ట్‌మ్యాపరుకు నిమిత్తం లేదు. ఎంత పొదుపైన ఏర్పాటు!

నా అభ్యంతరమల్లా దాని అతిమర్యాదపైననే. అడుగుతున్నది ఎవరని అది విచారించదు. పట్టిక యావత్తూ ఇమ్మంటే ఇచ్చివేస్తుంది. పరస్పరం ఎరిగిన కొద్ది యంత్రాల మధ్య అది సౌకర్యమే. ఇంటర్నెట్టులో అట్లు కాదు. యూడీపీలో పంపినవారి చిరునామాను బూటకంగా వ్రాయడం సులభం. దుండగుడు పరుల చిరునామాతో చిన్న ప్రశ్న పంపితే, దానికి అనేక రెట్లు పెద్దదైన జవాబు ఆ నిరపరాధిపై పోయి పడుతుంది. 2015లో ఇటువంటి దాడులు వెల్లడైనాయి.

“మా యంత్రంలో దోచుకొనదగినది ఏమున్నది?” అనేవారున్నారు. ఈ ప్రశ్న ఇక్కడ పొసగదు. దుండగుడు మన సొత్తు కోసం రాలేదు. మన అరుగుపై నిలిచి పొరుగింటిపై రాళ్లు రువ్వుతున్నాడు. నష్టం మన కంటబడదు గనుకనే మన బాధ్యత ఎక్కువ. కళాశాలలు ప్రయోగశాలకు ఎన్ని యంత్రాలు కొనవలెనని ఎంతో చర్చిస్తాయి. ఏ ద్వారం బయటికి తెరచి ఉన్నదని అడిగే కమిటీలు బహు అరుదు!

పోర్ట్‌మ్యాపరును పాఠ్యాంశం నుండి తొలగించమని నేను అనను. విద్యార్థులు ఆర్‌పీసీఇన్ఫో ఆదేశంతో ఆ పట్టికను చదివి తెలిసికొనవలసినదే. అయితే ఎన్.ఎఫ్.ఎస్. నాలుగవ వెర్షనుకు 2049 అనే ఒక్క ద్వారం చాలును. పోర్ట్‌మ్యాపరుతో దానికి పని లేదు. అది నడుస్తున్నచోట, మరే సేవకూ అవసరం లేకపోతే, పోర్ట్‌మ్యాపరును నిలిపివేయవచ్చును. పాత వెర్షనుతో గడుపుతున్న ప్రయోగశాలలు 111వ ద్వారాన్ని ఫైర్‌వాల్‌తో బయటివారికి మూసి, లోపలి యంత్రాలకు మాత్రమే ఉంచవలెను. ఇందుకు అదనపు నిధులేవీ మంజూరు చేయనక్కరలేదు. ఒక పూట పని.