ఆశాలకు పై చదువు

ఊళ్లో ఎవరు నెల తప్పారో, ఏ ఇంట్లో టీబీ మందులు మధ్యలో ఆపేశారో అందరికంటే ముందు తెలిసేది ఆశా కార్యకర్తకే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఈ వ్యవస్థ మొదలైంది. సుమారు వెయ్యి జనాభాకు ఒకరు. ఆసుపత్రిలో కాన్పయిన తల్లీబిడ్డల ఇంటికి 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. బిడ్డ బరువు చూడాలి, ఒళ్లు వేడిగా ఉందేమో కనిపెట్టాలి, టీకా వద్దనే అత్తగారికి ఓపిగ్గా నచ్చజెప్పాలి. ఈ చివరి పని ఏ తరగతి గదిలోనూ అంత తేలిగ్గా అబ్బదు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను పురస్కారంతో గౌరవించింది. సంతోషమే. కానీ సహాయక నర్సు (ఏఎన్ఎం) కావాలనుకునే ఆశాకు దారేదీ? ఏఎన్ఎం రెండేళ్ల కోర్సు, చేరడానికి ఇంటర్ ఉండాలి. పదితో చదువాగి, సంసారం మీద పడ్డ మనిషి ఊరొదిలి హాస్టల్లో ఉండి చదవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్ పూర్తిచేసేందుకు ఫీజును ప్రభుత్వమే భరించాలి. ఏఎన్ఎం సీట్లలో అనుభవజ్ఞులైన ఆశాలకు తగిన వాటా ఉండాలి. నర్సింగ్ విద్యార్థినులు కూడా కొన్ని వారాలు ఆశా వెంట గడప గడపకూ తిరగాలి, ఆ నేర్పరితనాన్ని దగ్గరుండి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, చదివినన్నాళ్లూ ఆశాకు నెలనెలా డబ్బు ఆగకుండా అందాలి. అది లేనిదే మిగతా ఏర్పాట్లేవీ ఆమెను కాలేజీ గేటు దాటించలేవు.